టెక్సాస్ వచ్చేద్దామా? ముందు ఈ నెల లెక్క చూడండి

ఏటా మార్చి, ఏప్రిల్ వచ్చాయంటే డాలస్‌లో ఉండే మాలాంటివాళ్ళకి ఫోన్లు ఎక్కువవుతాయి. ఇక్కడ బడులు మే నెలాఖరుకి మూసేసి ఆగస్టులో తెరుస్తారు. ఊరు మారాలనుకునేవాళ్ళు ఆ మధ్యలోనే మారాలి కాబట్టి ముందుగానే వాకబు మొదలుపెడతారు. కాలిఫోర్నియా నుంచి చేస్తారు, న్యూజెర్సీ నుంచి చేస్తారు. కొడుకు తరఫున గుంటూరు నుంచి తల్లిదండ్రులు కూడా చేస్తారు.

మొన్నామధ్య మా అన్నయ్య కొడుకు శాన్ హోసే నుంచి ఫోన్ చేశాడు. "అత్తా, అక్కడ 5 లక్షలకే నాలుగు బెడ్‌రూముల ఇల్లొస్తుందటగా? స్టేట్ టాక్స్ కూడా లేదటగా? ఇక్కడ అద్దెకే సగం జీతం పోతోంది. వచ్చేద్దామనుకుంటున్నాం" అన్నాడు. వాడు విన్న రెండు మాటలూ నిజమే. కాకపోతే ఆ రెండు మాటలతోనే లెక్క పూర్తయిపోయిందనుకుంటున్నాడు. చాలామంది అక్కడే ఆగిపోతున్నారు.

నేను 14 ఏళ్ళుగా డాలస్ ఉత్తర శివార్లలో ఉంటున్నాను. ఇక్కడికొచ్చి హాయిగా స్థిరపడినవాళ్ళని చాలామందిని చూశాను. ఇల్లు కొన్న ఏడాదికే ఉద్యోగం పోయి, ఆ ఇంటిని ఏం చేయాలో తెలియక సతమతమైనవాళ్ళనీ చూశాను. ఇద్దరి జీతాల్లోనూ పెద్ద తేడా లేదు. నెలనెలా తప్పని ఖర్చు ఎంతో ముందే చూసుకున్నారా లేదా అన్నదే తేడా. మా వాడికి చెప్పిన లెక్కే మీకూ చెబుతాను.

అందరూ ఇటే ఎందుకొస్తున్నారు?

ముందు టెక్సాస్ ఎంత ఉంటుందో ఊహించుకోండి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపితే ఎంతో, దానికి రెండున్నర రెట్లు. అందుకే "టెక్సాస్‌కి వస్తున్నాం" అంటే మొదటి ప్రశ్న "ఏ ఊరికి?" అన్నదే. హ్యూస్టన్ చమురు కంపెనీలకీ, ఆసుపత్రులకీ పేరు. ప్రపంచంలోనే అతి పెద్ద వైద్య సముదాయమైన టెక్సాస్ మెడికల్ సెంటర్ అక్కడే ఉంది. ఆస్టిన్ రాజధాని, చిప్‌లు, సాఫ్ట్‌వేర్ ఊరు. టెస్లా తన ప్రధాన కార్యాలయాన్ని 2021లో అక్కడికే మార్చింది. మనవాళ్ళు ఎక్కువగా చేరేది మాత్రం డాలస్ చుట్టుపక్కలే.

దానికి కారణం ఒక్క కంపెనీ మీదో, ఒక్క రంగం మీదో ఈ ప్రాంతం ఆధారపడకపోవడం. టయోటా అమెరికా కార్యాలయం కాలిఫోర్నియా నుంచి 2017లో ప్లేనోకి వచ్చేసింది. చార్లెస్ ష్వాబ్ వెస్ట్‌లేక్‌కి, మెకెసన్, క్యాటర్‌పిల్లర్ అర్వింగ్‌కి వచ్చాయి. క్యాపిటల్ వన్, జేపీ మోర్గాన్ చేజ్, ఫిడెలిటీ లాంటి సంస్థలకి ఇక్కడ వేలాది ఉద్యోగులున్నారు. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్, అమెరికన్ ఎయిర్‌లైన్స్ ఎప్పటినుంచో ఇక్కడివే. బ్యాంకులు నెమ్మదిస్తే ఆసుపత్రుల సంస్థల్లో, అక్కడా లేకపోతే విమానయానంలో, టెలికాంలో ఏదో ఒకటి దొరుకుతుందన్న ధైర్యం ఇక్కడివాళ్ళకి ఉంటుంది.

మనవాళ్ళ సందడి గురించి వేరే చెప్పాలా? ఫ్రిస్కోలో కార్యసిద్ధి హనుమాన్ గుడి, అర్వింగ్‌లో పెద్ద దేవాలయం, వీధికో దోసెల హోటలు, గోంగూర దొరికే కొట్లు. ఒక్క ఫ్రిస్కోనే తీసుకోండి. 2000 జనాభా లెక్కల్లో 33,714 మంది. 2020కి 2,00,509. ఇరవై ఏళ్ళలో ఆరింతలు. ఈ పెరుగుదలే ఇళ్ళ ధరల్ని కూడా పైకి నెట్టింది. పదేళ్ళ క్రితం వచ్చినవాళ్ళు చెప్పే ధరలు ఇప్పుడు కథలే.

ఇంటి ధర కాదు, నెల ఖర్చు

5 లక్షల డాలర్ల ఇల్లు అనుకుందాం. లక్ష డౌన్ పేమెంట్ కట్టారు. మిగతా 4 లక్షలు 30 ఏళ్ళ అప్పు. వడ్డీ ఆరున్నర శాతం అయితే నెల కిస్తీ సుమారు 2,530 డాలర్లు. 2021 జనవరిలో ఇదే అప్పు సగటున 3 శాతం లోపే దొరికింది. అప్పుడు తీసుకున్నవాళ్ళకి కిస్తీ 1,690 దాటదు. 2023 అక్టోబర్‌లో వడ్డీ దాదాపు 8 శాతం దాకా వెళ్ళి, తర్వాత కొంత దిగింది. అందుకే "మా ఫ్రెండ్ అదే వీధిలో 1,700 కడుతున్నాడు, మాకెందుకు రాదు?" అని అడగకండి. అతను కొన్నది వేరే కాలంలో.

ఇక కిస్తీ పక్కన వచ్చేవి. ఆస్తి పన్ను ఊరినీ, స్కూల్ డిస్ట్రిక్ట్‌నీ బట్టి మారుతుంది. డాలస్ శివార్లలో ఇంటి విలువలో 2 శాతం దగ్గర్లో వేసుకోండి. సొంత ఇంట్లో ఉండేవాళ్ళకి హోమ్‌స్టెడ్ మినహాయింపు ఉంటుంది. స్కూలు పన్ను లెక్కేసేటప్పుడు ఇంటి విలువలోంచి 1,40,000 డాలర్లు తీసేస్తారు. 2022లో ఈ మినహాయింపు 40 వేలు, 2023లో లక్షకి పెంచారు, 2025 నవంబర్‌లో ఓటర్లు 1,40,000కి ఒప్పుకున్నారు. దాన్ని కలుపుకున్నా మన ఇంటికి ఏడాదికి 8,600 దాకా అవుతుంది. అంటే నెలకి 715.

ఇంటి ఇన్సూరెన్స్ ఏడాదికి 4 వేలు వేసుకుంటే నెలకి 335. కాలనీ సంఘానికి కట్టే హెచ్‌ఓఏ రుసుము 70. మొత్తం కలిపితే నెలకి 3,650. ఇందులో 1,120 డాలర్లు బ్యాంకు అప్పుకి సంబంధం లేనివి. 30 ఏళ్ళు పోయి అప్పు తీరిపోయినా ఇవి తీరవు. పైపెచ్చు ఏటా పెరుగుతాయి. కరెంటు, నీళ్ళు, రిపేర్లు ఇంకా కలపలేదు. వేసవిలో 40 డిగ్రీల ఎండకి ఏసీ రాత్రీపగలూ ఆడాల్సిందే.

కొత్తగా కట్టిన ఇల్లు కొనేవాళ్ళకి ఇంకో మాట. ఇక్కడ పన్ను జనవరి 1న ఇల్లు ఏ స్థితిలో ఉందో చూసి వేస్తారు. ఆ రోజుకి పునాది మాత్రమే పడి ఉంటే మొదటి ఏడాది పన్ను దాదాపు స్థలానికే వస్తుంది. "భలే తక్కువే!" అనుకుంటారు. మరుసటి ఏడాది మొత్తం ఇంటికి వేస్తారు. బ్యాంకు మన తరఫున పన్ను కట్టడానికి దాచే ఎస్క్రో ఖాతాలో అప్పటికి లోటు పడుతుంది. ఆ లోటూ, పెరిగిన పన్నూ కలిపి నెల కిస్తీ ఒక్కసారిగా వందల డాలర్లు పెరుగుతుంది. బిల్డర్లు ఇచ్చే వడ్డీ తగ్గింపు కూడా ఇలాగే చూడాలి. మొదటి ఏడాది 2 శాతం, రెండో ఏడాది 1 శాతం తక్కువ, మూడో ఏడాది నుంచి అసలు వడ్డీ అనే పథకాలు ఉంటాయి. మూడో ఏడాది కిస్తీ ఎంతో ఇప్పుడే అడిగి రాయించుకోండి.

"స్టేట్ టాక్స్ లేదు" అంటే?

టెక్సాస్‌లో జీతం మీద రాష్ట్ర పన్ను లేదు. వేయకూడదని రాష్ట్ర రాజ్యాంగంలోనే రాసుకున్నారు. కాలిఫోర్నియాలో భార్యాభర్తలిద్దరికీ కలిపి 2 లక్షల డాలర్ల జీతం ఉంటే రాష్ట్ర పన్ను 10 వేల పైనే ఉంటుంది. ఆ 10 వేలు మిగులుతాయని మావాడి సంబరం. "మిగులుతాయిరా, కానీ అందులో 8,600 ఇంటి పన్నుకి పోతుంది" అన్నాను. "అంతేగా, ఎలా చూసినా 1,400 లాభమేగా" అన్నాడు.

అసలు విషయం ఇక్కడే ఉంది. జీతం మీద పన్ను జీతం ఉన్నంతకాలమే. జీతం ఆగిన రోజు అదీ ఆగుతుంది. ఇంటి మీద పన్నుకి మీ ఉద్యోగంతో పనిలేదు. ఉద్యోగం పోయినా జనవరి 31 లోపు కట్టాలి, లేదంటే వడ్డీ, అపరాధ రుసుము. అంటే కష్టకాలంలో కాలిఫోర్నియా అద్దె ఇంటివాడి ఖర్చు కొంత తగ్గుతుంది, టెక్సాస్ సొంత ఇంటివాడి ఖర్చు తగ్గదు. ఉద్యోగం గట్టిగా ఉన్నవాళ్ళకి ఇది చిన్న సంగతి. వీసా మీద ఉన్నవాళ్ళకి చాలా పెద్ద సంగతి.

న్యూజెర్సీ వాళ్ళ లెక్క వేరు. అక్కడ జీతం మీదా పన్ను ఉంది, ఇంటి పన్ను కూడా దేశంలోనే బాగా ఎక్కువగా ఉండే రాష్ట్రాల్లో అదొకటి. ఎడిసన్‌లో సొంతిల్లున్నవాళ్ళు ఇక్కడికొస్తే పన్నుల్లో నిజంగానే మిగులుతుంది. కాలిఫోర్నియాలో పాత ఇల్లున్నవాళ్ళు మాత్రం జాగ్రత్తగా చూసుకోవాలి. అక్కడ 1978లో వచ్చిన చట్టం వల్ల పన్ను కోసం లెక్కించే విలువ ఏడాదికి 2 శాతానికి మించి పెరగదు. ఇక్కడ హోమ్‌స్టెడ్ ఉన్న ఇంటికి ఆ పరిమితి 10 శాతం.

ఇక్కడ పాటించాల్సిన పద్ధతులు రెండున్నాయి. ఇంట్లో దిగగానే డ్రైవింగ్ లైసెన్స్ మీద కొత్త అడ్రస్ వేయించుకుని కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్‌లో హోమ్‌స్టెడ్‌కి దరఖాస్తు పెట్టండి. దీనికి రుసుమేమీ లేదు. "మేం చేసిపెడతాం, ఇంత కట్టండి" అంటూ వచ్చే ఉత్తరాలు చింపేయండి. రెండోది, వసంతంలో ఇంటి విలువ ఎంత కట్టారో నోటీసు వస్తుంది. ఎక్కువనిపిస్తే మామూలుగా మే 15 లోపు ప్రొటెస్ట్ చేయాలి. పక్క ఇళ్ళు ఎంతకి అమ్ముడయ్యాయో, గోడల పగుళ్ళ ఫొటోలేంటో చూపించి మాట్లాడితే తగ్గించే అవకాశం ఉంది.

వడగళ్ళు, నల్లమట్టి

ఇన్సూరెన్స్ ఇక్కడ ఎందుకంత ఎక్కువ? వడగళ్ళ వల్ల. ఉత్తర టెక్సాస్‌లో వసంతకాలంలో నిమ్మకాయంత, ఒక్కోసారి అంతకంటే పెద్ద వడగళ్ళు పడతాయి. ఒక్క సాయంత్రం వానకి వీధి వీధంతా పైకప్పులు మార్చుకున్న రోజులు చూశాను. పాలసీ తీసుకునేటప్పుడు గాలి, వడగళ్ళ డిడక్టబుల్ ఎంతో చూడండి. అది మామూలుగా ఇంటి బీమా మొత్తంలో 1 శాతమో 2 శాతమో ఉంటుంది. ఇల్లు తిరిగి కట్టడానికి 4 లక్షలని బీమా చేస్తే, 2 శాతమంటే మొదటి 8 వేల డాలర్లు మీ జేబులోంచే. ప్రీమియం తక్కువని సంబరపడి ఈ అంకె చూడనివాళ్ళు చాలామంది.

హ్యూస్టన్ వైపు వెళ్ళేవాళ్ళకి వరద భయం. 2017లో హార్వే తుపాను వచ్చినప్పుడు మునిగిన ఇళ్ళెన్నో. మామూలు ఇంటి పాలసీ వరద నష్టం ఇవ్వదు, దానికి వేరే పాలసీ తీసుకోవాలి.

డాలస్‌లో ఇంకో సమస్య నేలది. మన గుంటూరు నల్లరేగడి తెలుసుగా, వానకి ఉబ్బి ఎండకి నెర్రెలిస్తుంది. ఇక్కడి బంకమట్టిదీ అదే గుణం. ఎండాకాలంలో పునాది చుట్టూ తడి ఆరకుండా నీళ్ళు పెట్టాలి. లేకపోతే పునాది కదిలి తలుపులు బిగుసుకుపోతాయి, గోడలు పగులుతాయి. పాత ఇల్లు కొనేటప్పుడు ఇన్‌స్పెక్షన్ డబ్బులు మిగుల్చుకోవద్దు. ఆ నాలుగైదు వందలు వేలల్లో నష్టాన్ని ఆపుతాయి.

ఎంత దూరం వెళ్తే అంత చౌక, కానీ...

ఫ్రిస్కో, కొపెల్, ప్లేనోల్లో ధర అందక చాలామంది ఇంకా ఉత్తరానికి, తూర్పుకి వెళ్తున్నారు. సెలీనా, ఆబ్రీ, మెలిస్సా, ప్రిన్స్‌టన్ అని పేర్లు వింటుంటారు. అమెరికా జనాభా లెక్కల ప్రకారం 2023లో దేశంలోకెల్లా వేగంగా పెరిగిన నగరం సెలీనా, 2024లో ప్రిన్స్‌టన్. అయితే నీళ్ళు, రోడ్లు, పోలీసులు చాలక ప్రిన్స్‌టన్ నగర పాలకులు 2024లో కొత్త ఇళ్ళ అనుమతుల్నే కొంతకాలం ఆపేశారు. ఊరు అంత తొందరగా పెరిగితే వచ్చే తిప్పలవి.

అక్కడ ఇల్లు 80 వేలో, లక్షో తక్కువకి రావచ్చు. కానీ కొత్త కాలనీల్లో చాలాచోట్ల మడ్ అనీ, పిడ్ అనీ అదనపు వడ్డింపులుంటాయి. రోడ్లు, నీటి పైపులు వేయడానికి చేసిన అప్పుని ఇళ్ళవాళ్ళ దగ్గర ఏళ్ళ తరబడి వసూలు చేస్తారన్నమాట. వాటితో మొత్తం పన్ను 2.5 శాతం, అంతకు పైన కూడా పోవచ్చు. సంతకం పెట్టేముందు ఆ నోటీసు చేతికిస్తారు. కట్టల కొద్దీ కాగితాల్లో అదొకటని వదిలేయకండి. 4 లక్షల ఇంటికి అర శాతమంటే ఏడాదికి 2 వేలు.

ఆఫీసు అర్వింగ్‌లో ఉంటే ప్రిన్స్‌టన్ నుంచి 40 మైళ్ళ పైనే. మంచి రోడ్లన్నీ టోలు రోడ్లే. ఫ్రిస్కో, సెలీనా లాంటి చోట్లకి డార్ట్ రైలు లేదు. ఇద్దరు ఉద్యోగస్తులుంటే రెండు కార్లు తప్పవు, పిల్లాడికి 16 దాటితే మూడో కారు, దాని ఇన్సూరెన్స్. వారానికి నాలుగైదు రోజులు ఆఫీసుకి రమ్మంటున్న కాలం ఇది. ఇల్లు చూసేటప్పుడు ఆదివారం కాకుండా, మంగళవారం పొద్దున్న ఏడున్నరకి ఆ ఇంటి ముందు నుంచి ఆఫీసు దాకా ఒకసారి నడిపి చూడండి.

ఉద్యోగం: ముందు సంతకం, తర్వాత ప్రయాణం

"అక్కడికొచ్చి వెతుక్కుంటే దొరుకుతుంది కదా?" ఇది రెండో ప్రశ్న. గ్రీన్‌కార్డో, పౌరసత్వమో ఉన్నవాళ్ళు ఆ ధైర్యం చేయొచ్చు. కాంట్రాక్టు ఉద్యోగాల్లో ఊళ్ళోనే ఉన్నవాళ్ళని ముందు పిలుస్తారన్నదీ నిజమే. కానీ 2022 చివరి నుంచి సాఫ్ట్‌వేర్ కంపెనీలు మనుషుల్ని తీసేస్తూ వస్తున్నాయి. ఒక్కో ఉద్యోగానికి వందల దరఖాస్తులు. ఇదివరకు రెండు వారాల్లో తేలే ఇంటర్వ్యూలు ఇప్పుడు రెండు, మూడు నెలలు సాగుతున్నాయి. ఆరు నెలల ఖర్చు చేతిలో లేకుండా ఉద్యోగం వదిలి రావొద్దనే చెబుతాను.

హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళకి ఇంకొన్ని పట్టింపులున్నాయి. అదే కంపెనీలో పనిచేస్తూ, ఇంటి నుంచే పనికదా అని శాన్ హోసే నుంచి డాలస్‌కి మారిపోకూడదు. పనిచేసే చోటు వేరే మహానగర ప్రాంతానికి మారితే కంపెనీ ముందుగా సవరణ పిటిషన్ వేయాలి. మీరు ఇంట్లోంచి పనిచేస్తే ఆ ఇల్లే పనిచేసే చోటు కింద లెక్క. పైగా చాలా కంపెనీలు ఊరిని బట్టి జీతం కట్టి, మారితే తగ్గిస్తాయి. కాబట్టి కొత్త జీతం ఎంతో మెయిల్‌లో రాయించుకున్నాకే ఇక్కడి ఇళ్ళు చూడండి.

ఉద్యోగం పోతే మామూలుగా ఉండే గడువు 60 రోజులు. ఆలోగా ఇంకో కంపెనీ పిటిషన్ వేయాలి, లేదా వేరే స్టేటస్‌కి మారాలి, లేదా దేశం వదిలి వెళ్ళాలి. 2025 సెప్టెంబర్‌లో వచ్చిన ప్రకటనతో బయటి దేశం నుంచి కొత్తగా హెచ్-1బీ మీద తెచ్చుకునే మనిషికి కంపెనీ లక్ష డాలర్లు కట్టాల్సి వస్తోంది. అమెరికాలోనే ఉండి కంపెనీ మారేవాళ్ళకి అది వర్తించదు. అంటే ఒకసారి వెళ్ళిపోతే తిరిగి రావడం మునుపటిలా తేలిక కాదు.

భార్య హెచ్-4 ఈఏడీ మీద పనిచేస్తుంటే ఆ జీతాన్ని కూడా జాగ్రత్తగా లెక్కలోకి తీసుకోండి. 2025 అక్టోబర్ 30 నుంచి రెన్యువల్‌కి పెట్టినవాళ్ళకి పాత కార్డు తనంతట తాను పొడిగింపయ్యే సౌకర్యం తీసేశారు. కొత్త కార్డు ఆలస్యమైతే ఆ నెలలు పని ఆపాల్సిందే. ఇద్దరి జీతాల మీద తీసుకున్న ఇంటి కిస్తీ ఒక్క జీతంతో కట్టగలమా అన్నది అప్పుడు కాదు, ఇప్పుడే చూసుకోవాలి.

మా వీధిలో ఒక కుటుంబం అలాగే ఇరుక్కుంది. 2022లో ధరలు కొండెక్కిన వేసవిలో కొన్నారు. ఏడాదిన్నరకి ఆయన ఉద్యోగం పోయింది. 60 రోజుల్లో ఇల్లు అమ్మడం అయ్యే పని కాదు. బేరం కుదిరాక కాగితాలు పూర్తవడానికే నెల, నెలన్నర. పైగా ఏజెంట్ల కమిషన్‌కి, ఇతర ఖర్చులకి 25 వేల పైన పోతుంది. ఆయనకి 53వ రోజున మిన్నియాపొలిస్‌లో ఉద్యోగం దొరికింది. ఇల్లు అద్దెకిచ్చి వెళ్ళారు. అద్దె 2,700, నెల ఖర్చు 3,500 పైన. పైగా అద్దెకిచ్చాక హోమ్‌స్టెడ్ మినహాయింపు కూడా పోయింది. ఆవిడ నాతో ఒకే మాట అంది. "వదినా, ఇల్లు పోతుందని కాదు, ఇల్లుందని భయపడ్డాం."

ఐటీ కాని ఉద్యోగాలవాళ్ళు లైసెన్సు సంగతి ముందు చూసుకోండి. నర్సులకి టెక్సాస్, న్యూజెర్సీ రెండూ ఒకే ఒప్పందంలో ఉన్నాయి కాబట్టి బహుళ రాష్ట్రాల లైసెన్సు ఉంటే మారడం సులువు. కాలిఫోర్నియా అందులో లేదు, అక్కడి నుంచి వచ్చేవాళ్ళు టెక్సాస్ లైసెన్సుకి విడిగా దరఖాస్తు చేసుకోవాలి.

పొలం అమ్మి పంపేముందు

ఇది ఊళ్ళో ఉన్న అమ్మానాన్నలకి. "డౌన్ పేమెంట్‌కి అర ఎకరం అమ్మి పంపుదామా?" అని అడిగేవాళ్ళు నాకు తెలుసు. ఇండియా నుంచి ఒక మనిషి ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్ల దాకా పంపొచ్చు. 10 లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ పట్టుకుంటుంది. అది రిటర్న్‌లో సర్దుబాటవుతుంది గానీ అప్పటిదాకా ఆ డబ్బు చేతిలో ఉండదు. ఇక్కడ అందుకునేవాళ్ళు ఏడాదిలో లక్ష డాలర్లు దాటితే అమెరికా పన్నుల శాఖకి ఫారం 3520 ఇవ్వాలి. పన్ను పడదు, కానీ చెప్పకపోతే జరిమానా ఎక్కువ.

ఇంకోటి. తక్కువ డౌన్ పేమెంట్‌తో దొరికే ప్రభుత్వ హామీ ఎఫ్‌హెచ్‌ఏ అప్పులు 2025 మే 25 నుంచి హెచ్-1బీ లాంటి తాత్కాలిక వీసాలవాళ్ళకి ఇవ్వడం లేదు. మామూలు బ్యాంకు అప్పులు దొరుకుతాయి, కాకపోతే షరతులు గట్టిగా ఉంటాయి. అందుకే ఇంటి దగ్గర నుంచి డబ్బు తెప్పించుకోవాలన్న ఒత్తిడి పెరిగింది. నా మాట ఒక్కటే. గ్రీన్‌కార్డు ఎప్పుడొస్తుందో తెలియని కొడుకు ఇంటి కోసం, ఊళ్ళో మీకు అన్నం పెట్టే పొలం అమ్మకండి. అదే పొలం రేపు వాడు తిరిగొస్తే వాడికీ ఆధారం.

ఏ వరసలో వస్తే మంచిది?

ఇదంతా చదివి టెక్సాస్ రావొద్దంటున్నానని అనుకోకండి. నేనైతే ఈ ఊరు వదిలి ఎక్కడికీ వెళ్ళను. శాన్ హోసేలో రెండు గదుల అపార్ట్‌మెంట్ అద్దెతో ఇక్కడ పెరడున్న ఇంట్లో కరివేపాకు చెట్టు పెంచుకోవచ్చు, చలికాలంలో లోపల పెట్టుకుంటే. నేను చెప్పేదల్లా వరస గురించే.

ముందు ఉద్యోగం చేతిలో పెట్టుకోండి. ఆఫర్ లెటర్‌లో పనిచేసే ఊరు డాలస్ అని ఉండాలి, వీసా కాగితాలు దానికి తగ్గట్టు మారాలి. తర్వాత ఏడాది అద్దెకుండండి. రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంట్ ఉజ్జాయింపుగా 1,600 నుంచి 2,200 మధ్య దొరుకుతుంది. కొత్త అపార్ట్‌మెంట్లు విపరీతంగా కట్టడంతో ఒక నెల అద్దె ఉచితమనే ఆఫర్లు కూడా వస్తుంటాయి. నెల జీతం అద్దెకి మూడు రెట్లుండాలని అడుగుతారు, అది సిద్ధం చేసుకోండి. ఆ ఏడాదిలో ఒక ఎండాకాలం, ఒక వడగళ్ళ వాన, పిల్లల బడి, ఆఫీసు దారి అన్నీ తెలుస్తాయి. ధరలు ఎప్పుడూ పైకే పోతాయన్న భయం వద్దు. ఆస్టిన్‌లో 2022 వేసవి నాటి ధరలు తర్వాత బాగా దిగాయి. ఇళ్ళు ఎక్కువ కట్టే రాష్ట్రంలో తొందరపడి కొన్నవాడికి పెద్ద లాభమేమీ ఉండదు.

ఆ తర్వాత ఇల్లు. కొనేముందు ఒక కాగితం తీసుకుని కిస్తీ, పన్ను, ఇన్సూరెన్స్, హెచ్‌ఓఏ, మడ్, పిడ్, టోలు అన్నీ నెల లెక్కన రాయండి. మొత్తాన్ని ఎనిమిదితో గుణించండి. మన ఉదాహరణలో అది 29 వేల పైచిలుకు. డౌన్ పేమెంట్ కట్టేశాక కూడా అంత డబ్బు బ్యాంకులో మిగిలి ఉంటే ధైర్యంగా కొనండి. ఎనిమిది ఎందుకంటే, గడువు రెండు నెలలు, ఇల్లు అమ్మడానికో అద్దెకివ్వడానికో ఇంకో మూడు నాలుగు, కొత్త ఊళ్ళో కాలు నిలదొక్కుకోవడానికి రెండు. అంత మిగలకపోతే ఇంకో ఏడాది అద్దెకుండటంలో నామోషీ ఏమీ లేదు.

ఈ లెక్క మొత్తం విని మావాడు "మరి మావాళ్ళందరూ కొనేస్తున్నారుగా అత్తా" అన్నాడు. "వాళ్ళ కాగితం చూశావా?" అన్నాను. చూడలేదట. ఆదివారం భార్యాభర్తలిద్దరూ కూర్చుని వాళ్ళ కాగితం రాసుకున్నారు. ఎనిమిది నెలలకి సరిపడా లేదు, మూడున్నర నెలలకే ఉంది. జూన్‌లో వస్తున్నారు, అర్వింగ్‌లో అద్దెకి.